నౌకాయుగపు బొమ్మల చేతికి ఏ కత్తి, ఒంటికి ఏ కవచం

ఒంగోలు నుంచి మీరు పంపిన ప్రశ్ననూ, దానికి జతచేసిన నాలుగు చిత్రాలనూ నిదానంగా చూశాను. మిగతా పాఠకులకు కూడా విషయం తెలియాలి కాబట్టి ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు నలుగురు మిత్రులు కలిసి, బల్ల మీద ఆడే సైన్స్ ఫాంటసీ యుద్ధక్రీడ కోసం 32 మిల్లీమీటర్ల కొలతలో రెండు దళాల మినియేచర్ బొమ్మలు రూపొందిస్తున్నారు. మొదటి దళం అంతరిక్ష నౌకల ఇంధన గిడ్డంగులకు కాపలా కాసే రక్షకులు. రెండో దళం శూన్యంలోంచి వచ్చి ఆ గిడ్డంగులను కొల్లగొట్టే దోపిడీదారులు. రక్షకుల నాయకురాలి చేతిలో ఆమె ఎత్తున్న ఖడ్గం, తలను మించిన భుజకవచాలు, స్త్రీ శరీరాన్ని పోలిన ఛాతీ పలక ఉండాలని మీలో ఇద్దరు అంటున్నారు. తుపాకులూ నౌకలూ ఉన్న లోకంలో కత్తికి చోటే లేదనీ, ఆయుధాలన్నీ నిజమైన కొలతకు సరిపోవాలనీ మిగిలిన ఇద్దరు పట్టుబడుతున్నారు. ఉదయగిరి కోట కాలం నాటి, అంటే విజయనగర కాలపు వేషం, ఆయుధాలు ఎక్కడో ఒకచోట కనిపించాలన్న కోరిక మాత్రం నలుగురిదీ.

నెల్లూరులో ఉంటూ చాలా ఏళ్ళుగా ఇలాంటి బొమ్మలను ఎపాక్సీ పుట్టీ (కలిపాక గట్టిపడే ముద్ద)తో చెక్కుతున్న వాడిగా, ఈ మధ్య కంప్యూటర్ మీద కూడా రూపొందిస్తున్న వాడిగా నాకు తోచింది చెబుతాను. మీ మధ్య రెండు వేర్వేరు తగాదాలు కలగలిసిపోయాయి. బొమ్మ చిన్నది కావడం వల్ల ఆయుధాన్ని ఎంత లావుగా, ఎంత పెద్దగా చేయక తప్పదు అన్నది మొదటిది. ఆ లోకంలో ఆ మనిషికి ఆ ఆయుధం ఎందుకు అవసరమైంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు కొలబద్దతో, బొమ్మను ముద్రించే రెజిన్ అనే ప్లాస్టిక్ వంటి పదార్థపు గుణంతో తేలిపోతుంది. అందులో అభిరుచికి చోటు తక్కువ. రెండోదానికి జవాబు కథలో ఉంది. ఒకదాని జవాబును రెండోదానికి తగిలించినంత కాలం మీ నలుగురికీ ఒప్పందం కుదరదు.

ముందు కొలత సంగతి చూద్దాం. ఈ రంగంలో 32 మిల్లీమీటర్లు అంటే చాలామంది పాదం నుంచి కంటి ఎత్తు దాకా లెక్క వేస్తారు. కంటి ఎత్తు 160 సెంటీమీటర్లున్న మనిషి 32 మిల్లీమీటర్ల బొమ్మ అయితే, బొమ్మ అసలు మనిషిలో యాభయ్యో వంతు అన్నమాట. ఈ లెక్కన 90 సెంటీమీటర్ల కత్తి 18 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది, దానితో ఇబ్బంది లేదు. అదే కత్తి రేకు మందం నిజంలో 5 మిల్లీమీటర్లు ఉంటే బొమ్మ మీద 0.1 మిల్లీమీటరు, అంటే మామూలు కాగితమంత అవుతుంది. తుపాకీ గొట్టం నిజంలో 20 మిల్లీమీటర్ల లావుంటే బొమ్మ మీద 0.4 మిల్లీమీటర్లు వస్తుంది. ఇంట్లో వాడే రెజిన్ ప్రింటర్ అంత సన్నని గీతను ముద్రించగలదు కానీ, ముద్రించేటప్పుడు బొమ్మను నిలబెట్టే సన్నని ఊతాలను (సపోర్టులను) విరిచేటప్పుడే అది కూడా విరిగిపోతుంది. చేత్తో పట్టుకుని ఆడుకునే బొమ్మకు ఆయుధం 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నేనైతే 1 మిల్లీమీటరు పెడతాను. ఆ 1 మిల్లీమీటరు అసలు మనిషి చేతిలో 50 మిల్లీమీటర్ల మందపు కత్తి కింద లెక్క. కాబట్టి నిజమైన కొలతే కావాలన్న మీ మిత్రుల కోరిక ఎంత న్యాయమైనదైనా ఆయుధం మందం విషయంలో నెరవేరదు. పొడవులో నెరవేరుతుంది, ఆకారంలో నెరవేరుతుంది. ఆ రెండు చోట్ల వారి మాట నెగ్గనివ్వండి.

చూపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ఆడేటప్పుడు ఎదుటి దళం మన కంటికి సుమారు మీటరు దూరంలో ఉంటుంది. మంచి చూపున్న కన్ను అంత దూరంలో 0.3 మిల్లీమీటర్ల కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. మీ సైనికుడి చిత్రంలో మిత్రుడు గీసిన స్క్రూలు, గొలుసు కవచంలోని ఒక్కొక్క కడియం, పిడి మీద చుట్టిన తాడు, ఇవన్నీ ఆ హద్దుకు దిగువనే ఉన్నాయి. గొలుసు కడియం నిజంలో 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి బొమ్మ మీద 0.2 మిల్లీమీటర్లకు మించదు. అందుకే శిల్పులు దాన్ని రెట్టింపు చేసి, గరుకుదనం మాత్రం తెలిసేలా చెక్కుతారు. అది అబద్ధమే అయినా చూపుకు నిజం చెబుతుంది. దూరం నుంచి కంటికి మొదట అందేది బొమ్మ వెలిగీత, అంటే బయటి ఆకారపు గీత: తల ఎక్కడ, భుజాలు ఎంత వెడల్పు, ఆయుధం ఏ దిక్కుకు చూపుతోంది. ఆ గీత ఒక్కటే చూసి ఇతడు రక్షకుడు, ఇతడు దొంగ అని చెప్పగలిగితే రూపకల్పనలో సగం పని అయిపోయినట్టే. చిత్రాన్ని నల్లరంగుతో పూర్తిగా నింపి, గోడకు అంటించి, గది అవతలి చివర నుంచి చూడండి. మీ నాలుగు చిత్రాలకు నేను ఇదే చేశాను. నాయకురాలి బొమ్మ వెంటనే తెలిసింది. సైనికుడి బొమ్మ ఒక ముద్దలా మిగిలింది.

ఈ కారణాల వల్లే 1987లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ విడుదల చేసిన వార్‌హామర్ 40,000 ఆట బొమ్మలకు తలలు, చేతులు, తుపాకులు పెద్దవిగా ఉండే పద్ధతి స్థిరపడింది. అందులోని స్పేస్ మెరీన్లు అనే కవచధారి సైనికుల భుజకవచాన్ని చాలామంది ఎగతాళి చేస్తారు కానీ, దాని పని చూడండి. విడిగా వచ్చే చేతిని మొండేనికి అతికించిన అతుకును అది కప్పుతుంది, దళం చిహ్నాన్ని రంగులతో వేయడానికి నున్నని జాగా ఇస్తుంది, దూరం నుంచి ఆ బొమ్మ ఎవరిదో చెబుతుంది. స్పెయిన్ నుంచి వచ్చే ఇన్ఫినిటీ అనే ఆట బొమ్మలు దీనికి ఎదురు దారిలో నడిచాయి. లోహపు పోతలో సన్నని చేతులు, మనిషి తీరుకు దగ్గరైన నిష్పత్తులు వాటి అందం. లోహం వంగినా మళ్ళీ సరిచేసుకోవచ్చు కాబట్టి వారికి ఆ సన్నదనం చెల్లింది. మీరు ఎంచుకున్నది రెజిన్. రెజిన్ వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఏ పదార్థంలో బొమ్మ తయారవుతుందో తేల్చుకోకుండా ఏ శైలి గొప్పదని వాదించడం వృథా.

విరిగే చోటు ఎప్పుడూ ఒకటే. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవారి పని చూసినవారికి తెలుస్తుంది, గరిటె గిన్నె దగ్గరా కాడ చివరా కాక వాటిని కలిపే మెడ దగ్గర విరుగుతుంది. బొమ్మ చేతిలోని కత్తి కూడా అలాగే పిడికిలి పైన, పిడి మొదలయ్యే చోట విరుగుతుంది. కాబట్టి నాయకురాలి ఖడ్గం ఆమె ఎత్తున్నా నాకు అభ్యంతరం లేదు; దాన్ని తల మీదుగా గాలిలోకి ఎత్తిన భంగిమ మీద ఉంది. కత్తి కొన నేలకు ఆని ఉంటే, లేదా రేకు వెనుక భాగం భుజానికి తాకుతుంటే అతుకు రెండు చోట్ల పడుతుంది, బలం నిలుస్తుంది. మన వైపు భైరవకోనలో కొండరాతిని తొలిచిన గుహాలయాల ముందు ద్వారపాలకులను మీరు చూసే ఉంటారు. గద మీద చేయి ఆనించి నిలబడిన ఆ భంగిమలో ఆయుధం శరీరం నుంచి విడిపోదు. అయినా కావలి మనిషి అధికారం అంతా అందులో కనిపిస్తుంది. గిడ్డంగి కాపలాదారులకు అంతకంటే తగిన భంగిమ నాకు కనిపించలేదు. పరుగెత్తడం, దూకడం దోపిడీదారులకు వదిలేయండి. నిలకడ ఒక దళానిది, చలనం ఒక దళానిది అయితే రంగు వేయకముందే రెండూ వేరుపడతాయి.

ఇక రెండో తగాదా, అసలు సిసలైనది. నౌకలున్న లోకంలో కత్తి దేనికి? ఈ ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు నేను పెట్టుకునే క్రమం ఒకటుంది. ప్రతి కవచాన్ని ఏ దెబ్బ కోసం తొడిగారని అడుగుతాను. ప్రతి ఆయుధాన్ని ఏ కవచం కోసం పట్టారని అడుగుతాను. జవాబు ఉన్నదంతా ఉంచుతాను, లేనిదాన్ని ఎంత అందంగా ఉన్నా తీసేస్తాను. చరిత్రలో కత్తీ తుపాకీ ఒకే సైన్యంలో శతాబ్దాల పాటు కలిసే ఉన్నాయి. 1520 నాటి రాయచూరు ముట్టడిలో కృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకీదారులు పోరాడారు, వారి చుట్టూ కత్తులూ ఈటెలూ పట్టినవారూ ఉన్నారు. ఒకసారి కాల్చాక మళ్ళీ మందు దట్టించడానికి పట్టే సమయమే కత్తికి ఆనాడు బతుకునిచ్చింది. మీ లోకంలో తుపాకులు వెంటవెంటనే పేలతాయి కాబట్టి ఆ కారణం పనికిరాదు. వేరే కారణం కావాలి. అది మీ కథలోనే ఉంది, మీరెవరూ గమనించలేదు.

మీ రక్షకులు కాపలా కాసేది ఇంధన గిడ్డంగికి. నెల్లూరు మేడల మీద నిలబడి శ్రీహరికోట రాకెట్టు లేవడం చూడని ఇల్లు మా వైపు అరుదు. 2022 విభజనలో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాకు వెళ్ళినా మా చూపుకు అది దూరం కాలేదు. పీఎస్ఎల్వీ మొదటి అంచెలోనే సుమారు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అటువంటి పదార్థాలను నిర్వహించే చోట్ల ప్రపంచమంతటా పాటించే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఉక్కు పనిముట్టు గట్టి నేలకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది కాబట్టి బెరీలియం కలిపిన రాగితోనో, అల్యూమినియం కలిపిన కంచుతోనో చేసిన పనిముట్లు వాడతారు. నైలాను వంటి దారాల బట్టలు రాపిడికి విద్యుత్తు పుట్టిస్తాయి కాబట్టి నూలు బట్టలు కడతారు. ఒంటి మీది విద్యుత్తు నేలలోకి దిగిపోయేలా ప్రత్యేకమైన పాదరక్షలు తొడుగుతారు. ఈ మూడు నియమాలనూ మీ రక్షకులకు తొడగండి. అంత ఇంధనం నడుమ తుపాకీ పేల్చడం అందరి చావునూ పిలవడమే. కాబట్టి అక్కడ పోరు కత్తితోనే జరగాలి, ఆ కత్తి ఉక్కుది కాకూడదు.

దీని తరవాత ఒక్కొక్కటిగా ఏం జరుగుతుందో చూడండి. రాగి మిశ్రమం గట్టి ఉక్కంత పదును నిలుపుకోదు, కాబట్టి రేకు వెడల్పుగా, వెన్ను లావుగా, అంచు మొద్దు కోణంలో ఉండాలి. రెజిన్‌కు కావలసిన మందమే ఆ లోహానికీ కావాలి! చిన్న బొమ్మ మీద తప్పనిసరైన లావుకు కథలోనే కారణం దొరికింది. ఇక ఆ నాయకురాలి పెద్ద ఖడ్గాన్ని చూసి ఎవరూ అతిశయమని అనలేరు. కోత కంటే బరువుతో పని చేసే ఆయుధం అది. నూలు తెలుపు మీద రాగి ఎరుపు, పల్లాల్లో చిలుం పచ్చదనం నీళ్ళలా పలచని రంగుపూత అయిన వాష్‌తో దించితే, దళం మొత్తానికి రంగులు కూడా కుదిరినట్టే. ఉక్కు రంగు ఒక్క చుక్క కూడా రక్షకుల మీద వేయకండి. వెండి మెరుపు దోపిడీదారులకు మాత్రమే చెందనివ్వండి. ఆ మెరుపు ఇంధన గిడ్డంగిలోకి రావడమే నేరమని ఆట ఆడేవారికి ఒక్క మాటా చెప్పకుండానే అర్థమవుతుంది.

దోపిడీదారుల సంగతికి వద్దాం. వాళ్ళు శూన్యంలోంచి వస్తారు కాబట్టి గాలి నింపిన సూటు తప్పదు. అమెరికా వ్యోమగాముల నడక సూటు లోపల సుమారు 0.3 వాతావరణ పీడనం ఉంటుంది. ఆ కొద్ది పీడనానికే సూటు ఉబ్బి, వేళ్ళు మడవడం కూడా శ్రమ అవుతుంది. అందుకే భుజం, మణికట్టు, నడుము దగ్గర తిరిగే లోహపు కడియాలు అమరుస్తారు. లోపల చల్లని నీళ్ళు పారించే సన్నని గొట్టాలు దాదాపు 90 మీటర్లు కుట్టిన చొక్కా కూడా ఉంటుంది. మీ మిత్రుడు గీసిన తుపాకీ ట్రిగ్గర్ చుట్టూ ఉన్న చిన్న కడ్డీ లోపలికి ఆ లావు వేలు దూరదు. నిజమైన కొలత కోరే మనిషి మొదట సరిదిద్దవలసింది అదే. ట్రిగ్గర్ బదులు అరచేతితో నొక్కే మీట పెట్టండి, ఆ భాగాన్ని పెద్దగా చూపించండి. భుజాల దగ్గర కడియాలు వెలిగీతలో తెలిసేంత లావుగా ఉండనివ్వండి. రక్షకుల భుజాలు బట్టతో మెత్తగా జారితే, వీరి భుజాలు కడియాలతో గుండ్రంగా, ఎత్తుగా ఉంటాయి.

శూన్యంలో బతికేవాడికి అన్నిటికంటే పెద్ద భయం చిల్లు. కాబట్టి రక్షకులలో సామాన్య సైనికుడి ఆయుధానికి కొక్కెం ఉండాలి. మన దేవాలయాల ఏనుగుల దగ్గర కనిపించే అంకుశాన్ని తీసుకుని పొడవాటి కర్రకు తగిలించండి. ముందు మొన పొడవడానికి, పక్క కొక్కెం గాలి గొట్టాన్ని పట్టి లాగడానికి. ఇప్పుడు దోపిడీదారుల వైపు తిరిగి చూడండి. ఆ కొక్కేనికి భయపడి వాళ్ళు గొట్టాలను బయట వేలాడనివ్వరు, మెడ చుట్టూ ఎత్తైన లోహపు కాలరు వేస్తారు, చంకల దగ్గర అదనపు తోలు పొర కుడతారు. ఆయుధం కవచాన్ని మార్చింది, కవచం మళ్ళీ ఆయుధాన్ని మారుస్తుంది. రెండు దళాలనూ ఇద్దరు వేర్వేరుగా గీయడం వల్ల ఈ మాటామంతీ మీ చిత్రాల్లో జరగలేదు. ఒకరి ఆయుధాన్ని గీసినవారే ఎదుటి దళం కవచాన్ని గీయాలని నేను గట్టిగా చెబుతాను.

తుపాకీ వద్దని నేను అనడం లేదు. దోపిడీదారులు గిడ్డంగి బయట కాల్చుకుంటారు, లోపలికి వచ్చాక తుపాకీని వీపున వేసుకుంటారు. బొమ్మ మీద కనిపించే ఆయుధమే ఆటలో లెక్కకు వస్తుందన్న నియమాన్ని చాలా క్రీడలు పాటిస్తాయి కాబట్టి, ఒకే మొండేనికి రెండు రకాల చేతులు ముద్రించి ఇవ్వండి. భుజం దగ్గర కడియం ఎలాగూ ఉంది, అతుకు అందులో దాగుతుంది.

ఉదయగిరి ముచ్చటకు ఇప్పుడు చోటు దొరికింది. కృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఆ కాలపు విజయనగర సైనికులు తోలు పొరలు వేసి కుట్టి, ఇనుప రేకులు చేర్చిన దళసరి అంగీలు తొడిగేవారని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసినదాన్ని బట్టి తెలుస్తోంది. మీ గిడ్డంగికి నూలు బట్టే కావాలి కనుక ఆ కుట్టుపోత అంగీ తీరు సరిపోతుంది; తోలు పొరల బదులు నూలు పొరలు, ఇనుప రేకు బదులు రాగి రేకు పెడితే చాలు. చెక్కేటప్పుడు కుట్టు గీతలను నిలువుగా, మధ్యన ఉబ్బుగా, 1 మిల్లీమీటరుకు ఒకటి చొప్పున లాగండి. దాదాపు ఆరిన రంగున్న కుంచెతో, అంటే డ్రై బ్రష్‌తో ఒక్కసారి తుడిస్తే ప్రతి ఉబ్బూ పైకి తేలుతుంది, కొత్తగా రంగులు వేసేవారికి కూడా కవచం అందంగా వస్తుంది. ఛాతీ, వీపు, పక్కలు కప్పే నాలుగు పలకల చహార్ ఆయినా కవచాన్ని మీ చిత్రంలో చూశాను. అది చాలా చక్కని కవచం, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగం చూసినవారికి ఆ మొగలాయి, దక్కను తరహా పరిచయమే. అయితే అది పర్షియా నుంచి వచ్చిన బాణీ. ఉదయగిరి పేరు చెప్పుకునే దళానికి కుట్టుపోత అంగీనే ముందు నిలపండి, పలకల కవచం దోపిడీదారుల సర్దారుకు ఇవ్వండి.

ఆయుధాలలో కటారిని వదలకండి. దాని పిడి రెండు సమాంతర కడ్డీల నడుమ అడ్డంగా ఉంటుంది. పిడికిలి బిగించి గుద్దినట్టు పొడుస్తారు. విజయనగర, తంజావూరు కటారులలో చేతి వెనుక భాగాన్ని కప్పుతూ ఆకు ఆకారంలో ఒక రేకు ఉంటుంది. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో తంజావూరు ఆయుధాగారం నుంచి వచ్చినవాటిని చూడవచ్చు. ఆ రేకు శిల్పికి వరం. 40 సెంటీమీటర్ల కటారి బొమ్మ మీద 8 మిల్లీమీటర్లే వస్తుంది, వేళ్ళు ఒక్కొక్కటి చెక్కడం కష్టం; ఆకు రేకు వేళ్ళను కప్పేసి, ముంజేయి నుంచి మొన దాకా ఒకే దుక్కలా చేస్తుంది. మరాఠా సైన్యాలు వాడిన పట్టా కత్తిలో ఈ గుణం ఇంకా ఎక్కువ. మోచేతి దాకా కప్పే లోహపు తొడుగుకే పొడవాటి రేకు బిగించి ఉంటుంది, మణికట్టు దగ్గర సన్నబడే మెడ అంటూ ఉండదు. నాయకురాలికి పొడవాటి ఆయుధమే కావాలని పట్టుబట్టే మిత్రులకు పట్టాను చూపించండి. భుజం నుంచి కొన దాకా ఒకే గీత వస్తుంది, పెద్దదిగా కనిపిస్తుంది, విరగదు. రాగి మిశ్రమపు పట్టాలో రేకును తొడుగు దగ్గర వెడల్పు చేసి కొన వైపు సన్నగా దించితే బరువు చేతి దగ్గరే ఉన్నట్టు తోస్తుంది.

ఛాతీ పలక విషయంలో నా అభిప్రాయం స్పష్టం. పలకను రెండు ఉబ్బులుగా పోస్తే మధ్యలో లోయ ఏర్పడుతుంది. అంకుశం మొన గానీ ఈటె గానీ పక్కకు జారక ఆ లోయ వెంట రొమ్ము ఎముక మీదికే వస్తుంది. నిజమైన ఛాతీ కవచాలు మధ్యలో ఉబ్బుగా, లేదా నిలువు గట్టుతో ఉండేది దెబ్బను రెండు పక్కలకూ జార్చడానికే. ఏ దెబ్బ కోసం అన్న ప్రశ్నకు ఆ పలక దగ్గర జవాబు లేదు కాబట్టి తీసేయండి. అలాగైతే ఆమె స్త్రీ అని దూరం నుంచి ఎలా తెలుస్తుందని మీ మిత్రుడు అడిగిన మాట సమంజసమైనదే. దానికి మన వైపు జవాబు ఉంది. మన వరి మడుల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు చీరను కాసె పోసి, మోకాళ్ళ పైకి ఎగదోపి కట్టే తీరు చూడండి. నడుము దగ్గర బిగింపు, తొడల మీద వాలుగా సాగే మడతలు, వెనుక దోపిన కొంగు, ఇవి వెలిగీతలోనే తెలుస్తాయి. కుట్టుపోత అంగీ మీద ఆ కట్టు కడితే కాళ్ళు విడిగా కదులుతాయి, బట్ట ఏ మీటకూ చిక్కుకోదు, ఆమె మన మనిషి అని చూడగానే తెలిసిపోతుంది. మడతలను చెక్కేటప్పుడు అన్నీ ఒకే లోతున చెక్కకండి. కాసె దోపిన చోట దగ్గరగా, లోతుగా మొదలై, మోకాలి వైపు పోయే కొద్దీ ఎడమై పలచబడాలి. ముందుకు వంగిన మోకాలి మీద మడత అసలు ఉండకూడదు, అక్కడ బట్ట బిగుసుకుంటుంది. ముఖం, సిగ, నిలబడ్డ తీరు మిగతా పని చేస్తాయి. ఎత్తు మడమల బూట్లు మాత్రం వద్దు. నూనె కారే జాలీ నేల మీద నిలబడే మనిషి ఆమె.

భుజకవచాల మీద నేను రాజీకి వస్తాను. రక్షకులలో నాయకురాలికి ఒక్కదానికే, ఒక్క భుజానికే పెద్ద రాగి పలక పెట్టండి. చేయి తల పైకి ఎత్తడానికి రెండో భుజం ఖాళీగా ఉంటుంది, దళం గుర్తు వేయడానికి జాగా దొరుకుతుంది, నాయకురాలు ఎవరో బల్ల అవతలి నుంచి తెలుస్తుంది.

లోకం మరీ లెక్కప్రకారం నడిస్తే ఊహకు చోటేదని మీలో ఒకరు బాధపడ్డారు. ఆ బాధను నేను గౌరవిస్తాను. సైన్స్ ఫాంటసీని ఎంచుకున్నదే అసాధ్యమైనదాన్ని కళ్ళతో చూడడానికి. నా పద్ధతిలో ఒక్కో దళానికి ఒక్కో అద్భుతాన్ని అనుమతిస్తాను. రక్షకుల రాగి కత్తికి మంత్రశక్తి ఉందనుకుందాం. అయితే ఆ శక్తి కత్తిలోనే ఉండాలి, మిగిలిన బట్ట, పాదరక్ష, నడికట్టు అన్నీ దాన్ని నమ్మదగినదిగా చేయాలి. ఒకే బొమ్మ మీద మెరిసే కత్తి, ఎగిరే రాళ్ళు, నిప్పు కక్కే కిరీటం మూడూ పెడితే ఏదీ అద్భుతంగా తోచదు. మంత్రశక్తి గుర్తుల విషయంలో ఒక హెచ్చరిక. దేవుళ్ళ శంఖచక్రాలు, త్రిశూలం, నామాలు బొమ్మల మీద యథాతథంగా వేయకండి. ఈ బొమ్మలు ఆటలో పడిపోతాయి, ఓడిపోతాయి, డబ్బాలో పడి ఉంటాయి. పూజించే చిహ్నానికి ఆ స్థానం తగదని మన ఇళ్ళలో చాలామంది నొచ్చుకుంటారు. ముగ్గు చుక్కల అల్లిక, తామర రేకు, వెంకటగిరి చీర అంచులోని జరీ గీత, ఇలాంటివి తీసుకుంటే మన తనమూ ఉంటుంది, ఎవరికీ నొప్పీ ఉండదు.

చివరిగా, మీరు పంపిన నాలుగు చిత్రాలూ ముందు వైపువే. ఆట ఆడేవాడు తన దళాన్ని ఎదుటివాడి వైపు తిప్పి నిలబెడతాడు కాబట్టి, ఆట జరిగినంతసేపూ అతను చూసేది తన బొమ్మల వీపులనే. డబ్బు పెట్టి కొని, రాత్రులు కూర్చుని రంగులు వేసుకున్న మనిషికి మీరు చూపించబోయేది ఖాళీ వీపు. దోపిడీదారులకు ఇక్కడ మంచి అవకాశం ఉంది. రష్యా ఓర్లాన్ సూటులోకి వ్యోమగామి వీపు వైపున్న తలుపు గుండా దూరుతాడు. ఆ తలుపు, దాని కీలు, గడియ చెక్కితే వీపంతా నిండుతుంది, కొక్కెం భయంతో ఆ గడియకు వేసిన అదనపు కప్పు కూడా చూపవచ్చు. రక్షకులకు దట్టీ ముడి, దాని రెండు కొసలు, వీపున వేలాడే గుండ్రని డాలు చాలు. డాలును నడుముకు ఆనించి చెక్కితే విరిగే భయం కూడా ఉండదు. నాయకురాలి కొంగు వెనుక దోపిన తీరు ఒక్కటీ మీలో బాగా గీయగలిగినవారు ఇంట్లో అమ్మమ్మనో అత్తనో అడిగి, కట్టించి, చూసి గీయాలి. ఫొటోల్లో ఆ దోపు సరిగా కనిపించదు. నాలుగు బొమ్మల వెనుక వైపులు గీసి, ఆయుధం పట్టిన చేతులను మాత్రం విడిగా ముద్రించి, ఒకసారి బల్ల ఎత్తు నుంచి నేల మీద పడేసి చూసి, ఏది ఎక్కడ విరిగిందో రాయండి. పిడి దగ్గర ఎంత మందం పెంచాలో అది చూశాక చెబుతాను.